నాలుగేళ్ళ పాప, తొమ్మిదేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పుల అత్తగారు: హరిణ వనస్థలికి ఎలా వెళ్తే బాగుంటుంది?

మే నెలలో ఒక ఆదివారం పదకొండున్నరకి మహావీర్ హరిణ వనస్థలికి (హైదరాబాద్‌లో జింకలుండే జాతీయ పార్కు) వెళ్ళాం, బండిలో తిప్పారు, దూరంగా రెండు జింకల వీపులు తప్ప ఏమీ కనబడలేదు, బాబు 'బోర్' అన్నాడు, పాప ఏడుపు మొదలెట్టింది, ఒంటిగంటకల్లా ఎల్బీ నగర్‌లో ఇంటికొచ్చి పడ్డాం అని మీరు ఉత్తరంలో రాశారు. కార్తీకంలో మళ్ళీ వెళ్దామనుకుంటున్నారు. జంతువులు కనబడాలంటే ఏం చేయాలి, పాముల భయం ఉందా, ఏమేం పట్టుకెళ్ళాలి, మోకాళ్ళ నొప్పులున్న అత్తగారిని తీసుకెళ్ళాలా వద్దా అని అడిగారు.

నేను ఇరవై ఆరేళ్ళు బడిలో జీవశాస్త్రం చెప్పాను. ఏటా రెండు మూడుసార్లు పిల్లల్ని ఈ పార్కుకీ, కేబీఆర్ పార్కుకీ, చిలుకూరు దగ్గరి మృగవని పార్కుకీ తీసుకెళ్ళేదాన్ని. ఇప్పుడు మనవడితో వెళ్తున్నాను. నలభై మంది పిల్లల్ని తిప్పడం కన్నా ఒక్క మనవణ్ణి తిప్పడం కష్టమని రిటైరయ్యాకే తెలిసింది.

మీ చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. అత్తగారిని తప్పకుండా తీసుకెళ్ళండి. ఎందుకో కాసేపాగి చెప్తాను, ముందు జింకల సంగతి.

పోయినసారి మీకు కలిసిరానిది వేళ. మే నెల మధ్యాహ్నం మనమే ఫ్యాన్ కింద నుంచి కదలం, జింక మాత్రం ఎండలో నిలబడి మనకోసం ఎదురుచూస్తుందా? అవి పొద్దునా సాయంత్రమూ మేస్తాయి, ఎండ ముదిరితే నీడన పడుకుని నెమరు వేసుకుంటాయి. కాబట్టి గేటు ఎప్పుడు తెరుస్తారో, సెలవు ఏ రోజో ముందురోజే కనుక్కుని, తెరిచే వేళకి అక్కడ ఉండండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దుటి పూట హాయిగా ఉంటుంది. పది దాటితే ఆదివారం జనం కూడా పెరుగుతారు, వాళ్ళ గోలకి దగ్గర్లో ఉన్నవి కూడా లోపలికి జరిగిపోతాయి.

ఇది 3,600 ఎకరాల పైచిలుకు జాగా. ఒకప్పుడు నిజాం వేటకు వచ్చిన అడవి. మహావీరుడి 2500వ నిర్వాణ వార్షికోత్సవం సందర్భంగా 1975లో ఆయన పేరు పెట్టారు. వేటాడిన చోటుకే అహింస చెప్పినాయన పేరు పెట్టారన్న ముక్క చెప్తే తొమ్మిదేళ్ళ పిల్లాడు ఒక నిమిషం ఆలోచిస్తాడు, చెప్పి చూడండి.

ఇక్కడి అసలు మనిషి, అంటే అసలు జంతువు, కృష్ణజింక. అది గడ్డి మైదానాల్లో బతికేది. పొదల్లో దాక్కోదు, తన కళ్ళనీ కాళ్ళనీ నమ్ముకుని ఆరుబయట నిలబడుతుంది. గంటకు 80 కిలోమీటర్ల దాకా పరిగెత్తగలదు, ఇంకెందుకు దాక్కోవడం? చుక్కల జింక అలా కాదు, చెట్ల అంచున, ఎండా నీడా కలిసేచోట ఉంటుంది. ఆ వెలుగులో దాని ఒంటి మీది చుక్కలు ఆకుల సందుల్లోంచి పడే ఎండలాగే కనిపిస్తాయి. అందుకే బండిలో ఎక్కగానే 'జింక ఎక్కడ, జింక ఎక్కడ' అని నాలుగువైపులా చూడకుండా, బాబుకి గడ్డి వైపూ మీకు చెట్ల మొదళ్ళ వైపూ పంచుకోండి. మొత్తం జింక కనబడాలని చూడొద్దు. ముందు ఒక చెవి కదులుతుంది, తర్వాత మిగతాది కనిపిస్తుంది.

కొమ్ముల సంగతి బాబుకి ముందురోజు రాత్రే చెప్పి ఉంచండి. కృష్ణజింక మగదానికే మెలికలు తిరిగిన కొమ్ములు, ఒళ్ళు నల్లగా కడుపు తెల్లగా ఉంటుంది. ఆడవీ, వయసు రాని మగపిల్లలూ మట్టిరంగులో ఉంటాయి. ఆ కొమ్ములు ఎప్పటికీ రాలవు, మన ఆవు కొమ్ముల్లాగే లోపల ఎముక, పైన గోరు లాంటి తొడుగు. చుక్కల జింక కొమ్ములు అలాంటివి కావు. అవి కొమ్మలు కొమ్మలుగా చీలి ఉంటాయి, ఏటా ఊడిపోయి మళ్ళీ మొలుస్తాయి. మొలిచేటప్పుడు వాటి మీద మెత్తటి నూగు చర్మం ఉంటుంది. తెలుగులో రెండింటినీ కొమ్ములే అంటాం గానీ రెండూ వేరు. ఈ ఒక్క విషయం తెలిసిన పిల్లాడు బండిలో ఉన్న పెద్దవాళ్ళందరికీ పాఠం చెప్తాడు, ఇక బోర్ అన్న మాట ఉండదు.

అయినా సరే, ఆ రోజు జింక కనబడకపోవచ్చు. ఆ అవకాశాన్ని లెక్కలో వేసుకునే వెళ్ళండి. 'జింకల్ని చూడ్డానికి వెళ్తున్నాం' అని పిల్లలకి చెప్పడమే సగం గొడవకి మూలం. జంతువులు గ్యారంటీగా కనబడాలంటే బహదూర్‌పురాలో జూ ఉంది, అక్కడికి వెళ్ళండి. అడవికి మాత్రం 'ఏం దొరుకుతుందో వెతకడానికి వెళ్తున్నాం' అని చెప్పండి.

ఒకసారి ఆరో తరగతి పిల్లలతో వెళ్ళాను. బండి దిగి నడిచే దారిలో పక్కన పెంటికల కుప్ప కనబడింది. ఒక పిల్ల 'ఛీ' అంది. ఇంకో పిల్లాడు కూర్చుని చూసి, 'టీచర్, పైన ఉన్నవి తడిగా నల్లగా ఉన్నాయి, కింద ఉన్నవి ఎండి తెల్లబడ్డాయి, రోజూ ఇక్కడికే వస్తుందా?' అన్నాడు. సరిగ్గా అదే. మగ కృష్ణజింక తన హద్దు చెప్పుకోడానికి ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వచ్చి పెంటికలు వేస్తుంది. అది దాని గేటు మీది పేరు పలక అన్నమాట. తర్వాత వాళ్ళు పుల్లలతో (చేతులతో కాదు, అదొక్కటే నా షరతు) ఎండిన వాటిని విడదీసి లోపల గడ్డి పీచు చూశారు, వాటిలో తిరిగే పురుగులు చూశారు. ముప్పావు గంట అక్కడే గడిచింది. నేను అనుకున్న 'వాచ్ టవర్ దాకా నడక' ఆ రోజు జరగలేదు. మర్నాడు క్లాసులో ఒక్కరు కూడా వాచ్ టవర్ గురించి అడగలేదు.

నాలుగేళ్ళ పాపతో మీ నడక ఎంత ఉండాలి అంటే, గంటకి అర కిలోమీటరు. తక్కువనిపిస్తుంది గానీ ఆమె కళ్ళు నేలకి మూడడుగుల ఎత్తులో ఉన్నాయి, ఆమె అడవి అక్కడే ఉంది. ఎర్రమట్టిలో గరాటులాంటి చిన్న గుంటలు కనిపిస్తాయి, అడుగున ఒక పురుగు ఇసుకలో కూరుకుని చీమ జారిపడటానికి కాచుకుని ఉంటుంది. ఒక గడ్డిపరకతో అంచున మట్టి రాలిస్తే లోపలి నుంచి మట్టి ఎగజిమ్ముతుంది. ఇది చూపించండి, పాప అక్కడి నుంచి లేవదు. జిల్లేడు చెట్టు కనబడితే ఆకు అడుగున చూడండి. నలుపు, తెలుపు, పసుపు చారలతో ఒక గొంగళి పురుగు ఉండొచ్చు. అది జిల్లేడు విషం తిని తన ఒళ్ళంతా చేదు చేసుకుంటుంది, పిట్టలు ముట్టవు. కొన్నాళ్ళకి నారింజ రంగు సీతాకోకచిలుక అయిపోతుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే మాత్రం ప్రమాదం, ఆకు తుంచనివ్వొద్దు. మీరే ఆకు కిందికి వంగి చూపించండి.

ఒక చిట్కా. చిన్నపిల్లలకి బైనాక్యులర్స్ పనికిరావు, రెండు కళ్ళకీ కుదరక విసుగొస్తుంది. పాత క్యాలెండర్ కాగితం గొట్టంలా చుట్టి ఇవ్వండి. పెద్దగా చూపించదు, కానీ చుట్టుపక్కలవి కనబడకుండా చేసి చూపు ఒకచోట నిలుపుతుంది. బాబుకి ఇరవై ముప్పై రూపాయల భూతద్దం చాలు.

ఇప్పుడు అత్తగారి దగ్గరికి వస్తాను. ఆమె వినాయకచవితి పత్రి ప్రతి ఏడూ చూస్తూనే ఉంటారు కదా. ఆ ఇరవై ఒక్క పత్రాల్లో చాలా మటుకు మన దక్కను పొదల్లోవే. బదరీ అంటే రేగు, అపామార్గం అంటే ఉత్తరేణి, శమి అంటే జమ్మి, అర్క అంటే జిల్లేడు, దత్తూరం అంటే ఉమ్మెత్త, దూర్వ అంటే గరిక, సింధువారం అంటే వావిలి, బృహతి అంటే వాకుడు. పుస్తకం పట్టుకుని వచ్చే నాబోటి వాళ్ళకన్నా ఆ తరం ఆడవాళ్ళకి ఆకు తెలుసు. గేటు దగ్గరో, సఫారీ ఎక్కే చోటో నీడన ఆమెకి ఒక మడత కుర్చీ వేయండి. బాబు ఫోన్‌లో ఆకు ఫోటో తీసుకుని పరిగెత్తుకొచ్చి 'నానమ్మా, ఇదేంటి?' అని అడగాలి. కోయకూడదు, ఫోటో మాత్రమే. ఎన్ని పత్రాలు దొరికాయో నోటుబుక్కులో రాయాలి. నేను మా అక్కయ్యగారితో ఇలాగే చేశాను, ఆమెకీ మోకాళ్ళే. మనవళ్ళు పదకొండు పత్రాల ఫోటోలు తెచ్చారు. ఒక దాని మీద ఆవిడకీ నాకూ వాదన కూడా అయింది, వాకుడా ములకా అని. ఆవిడే గెలిచింది.

అంత ఓపిక లేకపోతే ఇంకో ఆట ఉంది. తెలంగాణ రాష్ట్ర గుర్తులు నాలుగు: చుక్కల జింక, పాలపిట్ట, జమ్మి చెట్టు, తంగేడు పువ్వు. నాలుగూ ఒకే రోజు వెతకాలి. పాలపిట్ట తీగ మీద కూర్చుంటే మట్టిరంగు పిట్టలాగే అనిపిస్తుంది, ఎగిరినప్పుడు రెక్కల నీలం చూసి అందరూ అరుస్తారు. కార్తీకానికి తంగేడు పూత వెనకబడుతుంది గానీ అక్కడక్కడా ఉంటుంది. బతుకమ్మలో పేర్చిన పువ్వే కాబట్టి పాప కూడా గుర్తుపడుతుంది. నాలుగూ దొరికిన రోజులు నాకు చాలా తక్కువ. బంధువులు ఎవరైనా విజయవాడ నుంచి వస్తే, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక కాబట్టి వాళ్ళ ఖాతాలో అది వేయొచ్చు.

పాముల గురించి. ఉంటాయి, ఉండకపోతే అది అడవే కాదు. కానీ నా ఇరవై ఆరేళ్ళలో పిల్లలతో ఉండగా చూసినవి చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నేల అదిరితే వాటికి మనకన్నా ముందే తెలుస్తుంది, తప్పుకుంటాయి. దారి వదిలి గడ్డిలోకి, రాళ్ళ గుట్టల మీదికి, పుట్టల దగ్గరికి వెళ్ళనివ్వకండి. చెప్పులు కాదు, బూట్లు, పాదం దాకా ప్యాంటు. ఒకవేళ కాటు పడితే కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయకూడదు. పాప కాలికి పట్టీలు ఉంటే వెంటనే తీసేయాలి, వాపు వస్తే బిగుసుకుంటాయి. కాలు కదలకుండా పెట్టి, నడిపించకుండా ఎత్తుకుని 108కి ఫోన్ చేయాలి లేదా నేరుగా పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి. పాము విషానికి మందు అక్కడ ఎక్కించే ఇంజెక్షనే, ఆకు పసరూ మంత్రమూ కావు.

నిజం చెప్పాలంటే నాకు పాముల కన్నా వేరే వాటితో టెన్షన్. మొదటిది తేనెపట్టు. చెట్టు కింద పొయ్యి పెట్టి పొగ వేసినా, ఎవరైనా కుర్రాడు రాయి విసిరినా ఈగలు లేస్తాయి. వనభోజనాలు ఆసుపత్రిలో ముగిసేది ఎక్కువగా ఇలాగే. లేస్తే చేతులతో కొట్టకుండా, ముఖం కప్పుకుని తిన్నగా దూరంగా పరిగెత్తి కారులో దూరి అద్దాలు వేసుకోవాలి. రెండోది గురివింద గింజలు. ఎర్రగా, ఒక చివర నల్లగా నిగనిగలాడతాయి, పిల్లలు ఏరుకుని జేబులో వేసుకుంటారు. నమిలి మింగితే ప్రాణాంతకం. అడవి ఆముదం కాయలు కూడా ప్రమాదమే, పల్లీల్లా ఉన్నాయని తిని వాంతులు చేసుకుంటారు. పాపకి ఒకటే రూలు పెట్టండి: అడవిలో దొరికింది నోట్లో పెట్టకూడదు. రేగుపండు కూడా వద్దు, మినహాయింపు ఇస్తే రూలు నిలవదు.

మూడోది దూలగొండి. ఇది నా సొంత అనుభవం. ఊరి బయట ఒక అడవిలో జనవరి నెలలో పిల్లలతో నడుస్తున్నాం. తీగకి వేలాడుతున్న కాయలు, పైన బంగారు రంగు నూగు, ముఖమల్ గుడ్డలా. ఒక కుర్రాడు ముద్దుగా నిమిరాడు. అరనిమిషంలో చేయి, పది నిమిషాల్లో మెడ, ముఖం. వాడు గోకిన చేత్తో పక్కవాణ్ణి పట్టుకున్నాడు, వాడికీ మొదలు. నేను తెలివి తక్కువగా రుమాలు తడిపి గట్టిగా రుద్దాను, నూగు ఇంకా లోపలికి దిగింది. మా బస్సు డ్రైవరు అట్టపెట్టెకి వేసే టేపు తెచ్చి, చర్మం మీద అంటించి పీకడం మొదలుపెట్టాడు. నాలుగైదుసార్లు పీకాక నూగు వచ్చేసింది, తర్వాత రుద్దకుండా నీళ్ళు ధారగా పోశాం. అప్పటి నుంచి నా సంచిలో టేపు చుట్ట లేకుండా అడవికి వెళ్ళింది లేదు.

ఇక పట్టుకెళ్ళేవి. నలుగురికీ నాలుగు లీటర్ల నీళ్ళు, స్టీలు సీసాల్లో. ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు. పాపకి రెండు జతల ప్యాంట్లు అదనం, ఒకటి బురదకి, ఒకటి మీకు తెలిసిందే. లోపలికి వెళ్ళేముందు గేటు దగ్గరే ఇద్దర్నీ బాత్రూంకి పంపండి, వాళ్ళు వద్దన్నా సరే. బట్టలు ఆకు రంగువో మట్టి రంగువో వేయండి, తెల్లవీ మెరిసేవీ వద్దు. సెంటు కొట్టుకోకండి. టోపీ, చిన్న టవలు, టేపు. స్పీకరు ఇంట్లో పెట్టండి, ఈ మాట మీకు కాదు, మీ ఆడపడుచు కుటుంబం కూడా వస్తుందన్నారు కదా, వాళ్ళకి.

తిండి దగ్గర మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. పొద్దున ఇడ్లీయో ఉప్మాయో ఇంట్లోనే కడుపునిండా పెట్టి బయల్దేరండి. లోపల ఏదీ తినొద్దు. ప్లాస్టిక్ కవరు చప్పుడు వింటే కోతి వస్తుంది, వచ్చిందంటే పాప చేతిలోది లాక్కుంటుంది. అప్పుడు గుంజుకోకుండా వదిలేయాలి, దాని కళ్ళలోకి చూసి పళ్ళు చూపించి నవ్వకూడదు, అది కొట్లాటకి పిలుపు అనుకుంటుంది. కొందరు ప్రేమగా జింకలకి బిస్కెట్లు, చపాతీలు వేస్తారు. వాటి కడుపు గడ్డికీ ఆకుకీ తయారైంది, పిండి పడితే పులిసి జబ్బు చేస్తుంది. కవరుతో సహా మింగిన జింక సంగతి చెప్పక్కర్లేదు. భోజనం బయటికొచ్చాక పెట్టుకోండి. కార్తీకం కాబట్టి ఉసిరి చెట్టు కింద తినాలని అత్తగారికి ఉంటుంది. ఎవరైనా బంధువుల తోటలోనో, గుడి ఆవరణలోనో చెట్టు చూసుకుంటే పులిహోర, పెరుగన్నం, ఆవకాయ అక్కడ విప్పుకోవచ్చు. ఇంటి దగ్గర వండి తెచ్చుకుంటేనే హాయి. పొయ్యి పెట్టే పని తలకెత్తుకుంటే ఆడవాళ్ళకి ఆ రోజు కూడా వంటిల్లే అవుతుంది.

లోపలి నుంచి ఏదీ తేకండి. జాతీయ పార్కు కాబట్టి నెమలి ఈక రాలి ఉన్నా, కొమ్ము ముక్క దొరికినా, అక్కడే వదిలేయాలి. పాప ఏడిస్తే ఫోటో తీసి ఇవ్వండి.

ఒకవేళ ఆ ఆదివారం జనం ఎక్కువుంటారనుకుంటే, ఇంత చిన్న పాపతో కొత్తగూడ బొటానికల్ గార్డెన్ తేలిక, 270 ఎకరాల పైనే ఉంది, దారులు చదునుగా ఉంటాయి, అత్తగారూ నడవగలరు. కేబీఆర్ పార్కులో నెమళ్ళు దగ్గరగా కనిపిస్తాయి, కానీ నడిచేవాళ్ళ రద్దీ. ఎప్పుడైనా విశాఖ వెళ్తే జూకి ఎదురుగా హైవేకి అవతల కంబాలకొండ ఉంది, తూర్పు కనుమల అడవి, మన దక్కను పొదల్లా కాదు, పచ్చగా ఉంటుంది. వచ్చే జూన్‌లో తొలకరి పడ్డాక ఒకసారి మళ్ళీ హరిణ వనస్థలికి వెళ్ళండి, తడి మట్టి మీద ఎర్రటి ఆరుద్ర పురుగులు పాకుతుంటాయి. పాప అప్పటికి ఐదేళ్ళది అవుతుంది, అరచేతిలో పెట్టుకుని మళ్ళీ నేల మీద వదలడం నేర్పొచ్చు.

పదకొండున్నరకి బయటికి వచ్చేయండి, పాప నిద్ర వేళకి కారులో ఉండాలి. ఇంటికి రాగానే స్నానం చేయించేటప్పుడు చెవుల వెనక, చంకల్లో, గజ్జల్లో పిడుదులు ఉన్నాయేమో చూడండి. ఉంటే ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి, కిరోసిన్ పోయకండి. అత్తగారి చీర అంచుకీ బాబు సాక్సులకీ ఉత్తరేణి గింజలు పట్టుకుని ఉంటాయి. వాటిని ఏరే పని పిల్లలిద్దరికీ అప్పజెప్పండి, ఒక్కొక్కటీ భూతద్దం కింద పెట్టి ఆ ముళ్ళు ఎటు వంగి ఉన్నాయో చూడమనండి. ఆ పని పూర్తయ్యేలోపు మీరు ఒక కప్పు టీ తాగొచ్చు.